వగరు పారబోయకండి: వంటింట్లో పాలీఫినాల్స్ మిగుల్చుకునే తీరు

ముప్పై ఒక్క ఏళ్ళు ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా పనిచేశాను. ఏటా పిల్లలకి ఒకటే పరీక్ష. టెస్ట్ ట్యూబులో కొంచెం ద్రావణం, అందులో రెండు చుక్కలు ఫెర్రిక్ క్లోరైడ్. ఫినాల్ జాతి పదార్థం ఉంటే రంగు తిరుగుతుంది. ఒకదానికి ఊదా, ఒకదానికి ఆకుపచ్చ, టానిక్ ఆమ్లానికైతే నీలి నలుపు. పిల్లలు రికార్డులో రాసుకుని వెళ్ళిపోయేవారు, నేను ట్యూబులు కడిగేదాన్ని. రిటైరయ్యాక అదే పరీక్ష మూడు నెలలపాటు నా కడుపులోనే జరిగింది.

అప్పట్లో నాకు హిమోగ్లోబిన్ 9.1 ఉంది. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాశారు. పొద్దున్నే ఇడ్లీ తిని, చిక్కటి టీ తాగుతూ, ఆ టీతోనే మాత్ర మింగేదాన్ని. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే 9.3. మాత్రలు మంచివి కావేమోనని నేను, తిండి సరిగ్గా తినడం లేదని మా ఆయన. డాక్టరమ్మ మాత్రం ఒక్క ప్రశ్న అడిగారు: "టీతో వేసుకుంటున్నారా?"

ఇంటికొచ్చి ఒక మాత్ర పైపూత చాకుతో గీకేసి, పొడి చేసి, గాజు గ్లాసులో పాలు పోయని టీ డికాషన్‌లో కలిపాను. చెంచా తిప్పుతుండగానే రంగు ముదిరింది. అయిదు నిమిషాలకి సిరా అయిపోయింది, పుల్ల ముంచి గోడ మీద రాయొచ్చు. ఏళ్ళ తరబడి పిల్లలకి చూపించిన నీలి నలుపే అది! నా మాత్రలో ఇనుమూ, నా టీలో వగరునిచ్చే టానిన్లూ ఒకదాన్నొకటి పట్టుకుని ఒంటికి అందకుండా బయటికి పోతున్నాయన్నమాట.

ఆ టానిన్లు పాలీఫినాల్స్ కుటుంబంలోవే. ఇప్పుడు ఎక్కడ చూసినా వీటి పేరే. గుళికలు, పొడులు, జ్యూసులు. మంచివే, కాదనను. కానీ వాటిని డబ్బు పోసి కొనక్కర్లేదు. మన వంటింట్లోకి రోజూ వస్తూనే ఉంటాయి, మనమే కడిగి, తొక్క తీసి, వార్చి పారబోస్తాం. వాటిని ఎలా మిగుల్చుకోవాలో, దేనితో కలపాలో, దేనికి దూరంగా ఉంచాలో నాకు తెలిసినంత మేర రాస్తున్నాను.

ముందు నాలుకతో పట్టుకోండి

మొక్క పారిపోలేదు కదా. ఎండకీ పురుగుకీ బూజుకీ మేకకీ తట్టుకోవడానికి తన ఒంట్లోనే కొన్ని పదార్థాలు తయారుచేసుకుంటుంది. అందులో ఒక పెద్ద గుంపు పాలీఫినాల్స్. వేలల్లో రకాలున్నాయి. టీలో కాటెచిన్లు, ఉల్లిపాయలో క్వెర్సెటిన్, నేరేడు పండులో ఆంథోసయనిన్లు, పసుపులో కర్క్యుమిన్, కాఫీలోనూ వంకాయలోనూ క్లోరోజెనిక్ ఆమ్లం, నువ్వుల్లో లిగ్నాన్లు. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పరీక్ష ఏమీ పెట్టను.

గుర్తుపెట్టుకోవలసింది ఒక్క మాట, అది మన ఉగాది పచ్చడిలోనే ఉంది: వగరు. పచ్చి మామిడి పిందె కొరికితే నోరు పీక్కుపోతుంది చూడండి. మన ఉమ్మిలో జారుడుగా ఉండే ప్రోటీన్లను టానిన్లు పట్టుకుని ముద్ద చేసేస్తాయి, జారుడు పోయి నోరు పిడచకట్టినట్టు అవుతుంది. వగరుని రుచి అంటాం గానీ నిజానికి అది నోటికి తెలిసే గరుకుదనం. ఎండాకాలంలో జీడిమామిడి పండు తిని గొంతు గరగరలాడించుకున్న వాళ్ళకి ఇంకా వివరం అక్కర్లేదు.

మా అమ్మ వంట గుర్తుచేసుకుంటే సగం పని వగరు తీసెయ్యడమే. అరటికాయ ముక్కలు మజ్జిగ నీళ్ళలో, వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో, నేరేడు పళ్ళు ఉప్పులో. వేరుశనగపప్పు వేయించి, చాటలో పోసి, పొట్టు ఊదెయ్యడం. మినప్పప్పు నానబెట్టి ఏడుసార్లు కడగడం. ఆ పనులన్నీ పనికిమాలినవని నా ఉద్దేశం కాదు. వగరు మరీ ఎక్కువైతే తిన్న ఇనుమూ ప్రోటీనూ సరిగ్గా అందవు, నా కథే సాక్ష్యం. అప్పట్లో తినేవన్నీ దంపుడు బియ్యం, చోళ్ళు (రాగులు), అడవి పళ్ళు. ఒంటికి వగరు కావలసినంత చేరేది, కొంత తీసేస్తే నష్టం లేదు. ఇప్పుడు పాలిష్ బియ్యం, చాయపప్పు, మైదా తింటూ మిగిలిన కాస్త వగరునీ కడిగేస్తున్నాం.

రైతు బజారులో

మా విశాఖలో ఎంవీపీ కాలనీ రైతు బజారుకి పొద్దున్న ఆరున్నరకల్లా వెళ్తాను. ఆలస్యమైతే నునుపైనవీ పెద్దవీ తప్ప ఏమీ మిగలవు. నాకు కావలసినవి చిన్నవి, ముదురు రంగువి, కొంచెం మొరటుగా కనిపించేవి. తెల్ల ఉల్లి కన్నా ఎర్ర ఉల్లి. తెల్లకాడ గోంగూర కన్నా ఎర్రకాడది. లోపల గులాబీ రంగు జామపండు. పొట్టుతో ఉన్న పెసలు. జూన్, జూలైలో నేరేడు పళ్ళు, కార్తీకానికి ఉసిరికాయలు.

నేను చిన్న నేరేడు పళ్ళు ఏరుకుంటుంటే అక్కడ కూర్చునే పెద్దావిడ నవ్వింది. "ఏటమ్మా, అందరూ పెద్దవి ఏరతారు, నువ్వేటి గింజలు కొంటన్నావు?" అంది. చిన్న పండులో గుజ్జు తక్కువ, తొక్క ఎక్కువ పడుతుంది, రంగు ఎక్కువగా తొక్కలోనే ఉంటుందని చెప్పాను. "అయితే రేపట్నుంచి చిన్నవాటికి రేటు పెంచాల" అంది. పెంచింది కూడా.

రంగు చూసి కొనడం మంచి పద్ధతే కానీ అదే సర్వం అనుకోకండి. తెల్ల వంకాయ కోసి పెడితే అయిదు నిమిషాల్లో గోధుమ రంగుకి తిరుగుతుంది. లోపలి క్లోరోజెనిక్ ఆమ్లాన్ని గాలీ, కాయలోని ఎంజైమూ కలిసి మార్చడం వల్ల అలా అవుతుంది. పైకి తెల్లగా కనిపించినా లోపల సరుకుంది. కోసిన చోట నల్లబడే కూరగాయలన్నీ ఇలాంటివే. ఇనప కత్తిపీట మీద ఉసిరికాయ కోసి చూడండి, ముక్కా నల్లబడుతుంది, కత్తీ నల్లబడుతుంది. మళ్ళీ అదే ఫెర్రిక్ పరీక్ష.

పళ్ళూ కూరలూ ఎంత తినాలంటే, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల లెక్క నాకు సులువుగా ఉంది: రోజుకి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు. ఒక వారం తూచి చూశాను. నేను తినేది అందులో సగమే. మీరూ ఒక్కసారి తూచండి, మాటలు తగ్గుతాయి.

నేరేడు రసం, నిమ్మచెక్క, సోడా

ఇది పిల్లలతో కలిసి చేయండి, పది నిమిషాల పని. నాలుగు నేరేడు పళ్ళు నలిపి, అరగ్లాసు నీళ్ళలో కలిపి వడకట్టండి. మూడు చిన్న గ్లాసుల్లో పోయండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదాంట్లో నిమ్మరసం పిండితే ఎర్రగా మెరుస్తుంది. మూడోదాంట్లో చిటికెడు వంటసోడా వేస్తే ఎరుపు పోయి నీలంగా మారుతుంది, ఇంకొంచెం వేస్తే పచ్చదనం తిరుగుతుంది, కాసేపటికి వెలిసిపోతుంది. మా మనవడు దాన్ని "పాడైపోయింది అమ్మమ్మా" అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. సోడా పడితే ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు నిలవవు.

పసుపు సంగతీ అంతే. దిష్టి నీళ్ళు ఎలా చేస్తాం? పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రగా అవుతాయి. సున్నం క్షారం, కర్క్యుమిన్ దాంట్లో రంగు మారి, నెమ్మదిగా విరిగిపోతుంది. దిష్టి పోతుందో లేదో గానీ కర్క్యుమిన్ మాత్రం పోతుంది.

అందుకని మా ఇంట్లో శనగలు ఉడకడానికీ, పప్పు మెత్తబడడానికీ, ఆకుకూర పచ్చగా కనబడడానికీ సోడా వెయ్యడం మానేశాం. రాత్రే నానబెట్టుకుంటే సరిపోతుంది. పులుపు మాత్రం వీటికి స్నేహితురాలు. చింతపండు, నిమ్మ, మామిడికాయ ఏదైనా సరే.

పొయ్యి దగ్గర

వంకాయ తొక్క తీయకండి. గుత్తివంకాయ, పచ్చికారం పెట్టిన వేపుడు, ఏదైనా తొక్కతోనే చేయండి. ఊదా రంగు ఆ తొక్కలోనే ఉంది. ఉప్పునీళ్ళలో వేసినా పొయ్యి వెలిగించాకే కోసి, అయిదు నిమిషాలకి మించకుండా తీసేయండి. ఉడకబెట్టి నీళ్ళు వార్చే కూరలన్నిటిలోనూ నష్టం ఉంది. వార్చిన నీళ్ళ రంగు చూస్తే మీకే తెలుస్తుంది. వార్చక తప్పకపోతే ఆ నీళ్ళు చారులోకో పప్పులోకో పోయండి. నా వరకు మూతపెట్టి, నీళ్ళు చిలకరించి మగ్గించడమే మంచి దారి.

ఉల్లిపాయ ఒలిచేటప్పుడు ఎండు పొర తీశాక ఒకటి రెండు దళసరి పొరలు కూడా తీసి పడేస్తుంటాం, తొందరలో. క్వెర్సెటిన్ ఆ పైపొరల్లోనే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఎండు పొర వరకే తీయండి. నేను దీన్ని గట్టిగా పట్టించుకునేది ఉల్లిపాయ కిలో యాభై దాటినప్పుడే అని మా ఆయన అంటారు.

వేరుశనగపప్పు పొట్టుతోనే తినండి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం అమ్మే ఉడకబెట్టిన కాయలు ఇందుకు భేషుగ్గా ఉంటాయి, ఎర్ర పొట్టు గింజకే అంటుకుని ఉంటుంది. పచ్చడిలోకైతే వేయించి పొట్టుతో సహా రుబ్బుతాను. రంగు కొంచెం మట్టిగా ఉంటుంది, రుచిలో చిరు వగరు. మొదటి వారం ఇంట్లో సణుగుడు వినబడింది, రెండో వారం ఆగిపోయింది.

చోళ్ళ గురించి శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి నేను చెప్పేదేముంది. మా అత్తగారు చోడి అంబలి మట్టికుండలో రాత్రి పులియబెట్టి, పొద్దున్న ఉల్లిపాయ నంజుకుని తాగేవారు. చోడిగింజకి ఆ ఇటుక రంగు పైపొరదే, పాలీఫినాల్స్ కూడా అక్కడే. తెల్లగా జల్లించిన చోడిపిండి అమ్ముతున్నారు ఈమధ్య. వద్దు. మీరే గింజలు కొని మరలో ఆడించుకోండి, జల్లెడ పట్టకండి.

ఇక పసుపు. పాడేరు వైపు పసుపు కొమ్ములు గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతాయి. కొమ్ములు కొని పొడి కొట్టించుకుంటే రంగు కలిపారేమోనన్న అనుమానం ఉండదు. అయితే లెక్క తెలుసుకోవాలి. పసుపు బరువులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే, పైగా అది నీళ్ళలో కరగదు, ఒంటికి సరిగ్గా ఇంకదు. అందుకే నూనెలో వెయ్యాలి, మిరియం తగలాలి. 1998లో బెంగళూరు పరిశోధకులు మనుషులకి 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పిపెరిన్, అంటే మిరియాల ఘాటు పదార్థం, ఇచ్చి చూస్తే ఒంటికి అందేది దాదాపు 20 రెట్లు పెరిగింది. మిరియాల చారులో పసుపు వేసి తాలింపు పెట్టడం వెనక ఇంత ఉందని మా అమ్మకి తెలియదు. తెలిసుంటే మాకు ఇంకో గ్లాసు పోసేది. కానీ 2 గ్రాముల కర్క్యుమిన్ అంటే 60, 70 గ్రాముల పసుపు. మన కూరలో పడేది చిటికెడు. కాబట్టి కూరలో పసుపుని కూరలో పసుపుగానే చూడండి, మందుగా కాదు.

టీ, కాఫీ: గడియారం చూసుకోండి

చాలా దేశాల్లో తీసిన లెక్కల్లో మనుషులకి పాలీఫినాల్స్ ఎక్కువగా అందించేవి టీ, కాఫీలే. కాబట్టి తాగండి. ఎప్పుడు తాగుతున్నారన్నదే అసలు విషయం. భోజనానికి గంట ముందు, తర్వాత గంట వరకు టీ, కాఫీ వద్దని 2024 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఆకుకూరలు, పప్పుధాన్యాల్లో ఉండే ఇనుముకి టీ గట్టి అడ్డం. రక్తం తక్కువున్న ఆడవాళ్ళు, గర్భిణులు, ఎదిగే ఆడపిల్లలు ఈ ఒక్క మాట పాటించినా చాలు. అన్నంలో నిమ్మచెక్క పిండుకుంటే సి విటమిన్ ఇనుముకి దారి చేస్తుంది. నేను ఐరన్ మాత్రని పరగడుపున నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవడం మొదలుపెట్టి, టీని పదకొండింటికి జరిపాను. మళ్ళీ మూడు నెలలకి 11.4.

గ్రీన్ టీని మరిగే నీళ్ళలో వెయ్యకండి, చేదు తేలుతుంది. నీళ్ళు మరిగాక రెండు మూడు నిమిషాలు ఆగి, ఆకు వేసి, ఇంకో రెండు మూడు నిమిషాలకి వడకట్టాలి. మామూలు టీలో పాలు పోస్తే ప్రయోజనం పోతుందా అని అందరూ అడుగుతారు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ కొంత పట్టుకుంటుంది, పరిశోధనల్లో మాత్రం ఫలితాలు రెండు రకాలుగానూ వచ్చాయి. చక్కెర తగ్గించుకోవడం అంతకన్నా లాభం.

కాఫీ విషయంలో నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. అరకు కాఫీ మా ఇంటి కాఫీ. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెరుగుతుంది, ఆ చెట్లకే మిరియాల తీగ పాకుతుంది. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ ఎంత నల్లగా వేయిస్తే క్లోరోజెనిక్ ఆమ్లం అంత తగ్గుతుంది, కాబట్టి మధ్యస్థంగా వేయించినది అడగండి. చికోరీ కలపని పొడి అయితే మరీ మంచిది. అయినా సాయంత్రం ఆరు దాటాక తాగితే నాకు నిద్ర పట్టదు, పాలీఫినాల్స్ కోసం జాగారం చేయలేను.

ఇంతకీ ఒంటికి ఏం చేస్తాయి?

మా ల్యాబు మనుషుల తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ట్యూబులో పాలీఫినాల్స్ బ్రహ్మాండమైన యాంటీఆక్సిడెంట్లు. ఆ శక్తిని కొలిచి "ఓరాక్" అని ఒక అంకె ఇచ్చారు, జ్యూసుల కంపెనీలు దాన్ని సీసాల మీద అచ్చేసుకున్నాయి. ట్యూబులో అంకెని బట్టి ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పలేమని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఆ పట్టికనే తీసేసింది. మనం తిన్న పాలీఫినాల్స్‌లో 5 నుంచి 10 శాతమే చిన్నపేగులో ఇంకుతాయని అంచనా. మిగతావి పెద్దపేగుకి పోతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని విరగ్గొడితే, ఆ ముక్కలు రక్తంలోకి వెళ్తాయి. దానిమ్మ నుంచి వచ్చే యూరోలిథిన్లు అలాంటివే, కానీ వాటిని తయారుచేసే సూక్ష్మజీవులు అందరి పేగుల్లోనూ ఉండవు. ఒకే దానిమ్మ నాకూ మా ఆయనకీ ఒకేలా పనిచెయ్యకపోవచ్చన్నమాట. పులిసిన అంబలి, పెరుగు, పీచు ఉన్న తిండి ఎందుకు తినమంటారో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

బలమైన ఆధారం రక్తనాళాల దగ్గర ఉంది. కోకో, టీలలోని ఫ్లావనాల్స్ అనే పాలీఫినాల్స్ వల్ల రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ తయారుచేసి, నాళాలు కాస్త సడలుతాయి. 2022లో వెలువడ్డ కాస్మోస్ పరీక్షలో 21,442 మంది అమెరికన్ పెద్దవాళ్ళలో కొందరికి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గుండెజబ్బు ఘటనలన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా కనిపించాయి. ఇంత పెద్ద పరీక్షలోనే ఇలా తేలితే, నెల రోజుల్లో షుగరూ బీపీ మాయం అనేవాళ్ళ మాట ఎంతవరకు నమ్మాలో మీరే చూసుకోండి.

మా అపార్టుమెంటులో ఒకావిడ నేరేడు గింజల పొడి మొదలుపెట్టి షుగరు మాత్రలు ఆపేసింది. ఆరు వారాలకి 340తో ఆస్పత్రిలో చేరింది. పొడి తాగాలనుంటే మాత్రతో పాటు, డాక్టరుకి చెప్పి తాగాలి. ఎర్ర వైన్‌లో రెస్వెరట్రాల్ ఉందని ప్రతి పెళ్ళిలోనూ గుర్తుచేసే మా మరిదికి ద్రాక్ష తొక్కలో కూడా అదే ఉందని ప్రతి పెళ్ళిలోనూ గుర్తుచేస్తాను.

గుళికల దగ్గర మాత్రం నిజంగా జాగ్రత్త. గ్రీన్ టీ సారం గుళికల్లో రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్యమైన కాటెచిన్) తీసుకుంటే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపిస్తాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. గాఢత ఎక్కువున్న కర్క్యుమిన్ గుళికల వల్ల కూడా కాలేయం వాచిన కేసులు కొన్ని దేశాల్లో నమోదయ్యాయి, ముఖ్యంగా పిపెరిన్ కలిపినవాటితో. మిరియం కర్క్యుమిన్‌నే కాదు, కొన్ని మందుల్ని కూడా ఎక్కువగా ఇంకేలా చేస్తుంది. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు. కూరలో వేసే పసుపుకీ, తాగే రెండు కప్పుల టీకీ ఈ భయం అక్కర్లేదు.

మొన్న కార్తీకంలో కంబాలకొండ వనభోజనాలకి వెళ్ళినప్పుడు రెండు కిలోల ఉసిరికాయలు తెచ్చాను. ఈసారి స్టీలు చాకుతో కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, గాజు సీసాలో పెట్టాను. రోజూ అన్నంలో మొదటి ముద్దకి ఒక ముక్క. మనవడు ముక్క నమిలి, మొహం వంకర పెట్టి, వెంటనే మంచినీళ్ళు తాగి, నీళ్ళు తియ్యగా ఉన్నాయని పరిగెత్తుకొచ్చి చెప్పాడు. తర్వాత ఇంకో ముక్క అడిగాడు.